వైరు కుడివైపు వేలాడిన రోజు

మంగళవారం ఉదయం పదిన్నర దాటాక మా బావ ఫోన్ చేశాడు. "అమ్మ వెళ్ళిపోయిందిరా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, ఫోన్ పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. నేను ఏలూరులో ఒక కాలేజీలో ఇంగ్లీషు ల్యాబ్ చూసుకునే మనిషిని. ఆ సమయానికి నా బల్ల మీద ఒక జత హెడ్‌ఫోన్స్ విప్పి ఉన్నాయి. ఎడమ పక్క రావడం లేదని ఫస్టియర్ అమ్మాయి తెచ్చి ఇచ్చినవి. సోల్డరింగ్ ఐరన్ చేతిలోనే ఉంది. ఏం చెయ్యాలో తోచక ఆ వైరు అతికించడం పూర్తిచేసి, స్విచ్ కట్టేసి, అప్పుడు స్టేషనుకి బయల్దేరాను. ఆ పని నాకు నేర్పింది ఆ వెళ్ళిపోయిన మనిషే. సగంలో వదిలేసి వచ్చానని తెలిస్తే ఊరుకునేది కాదు.

ఆవిడ మా మేనత్త, నాన్నకి పెద్దక్క. తాడేపల్లిగూడెంలో వాళ్ళ చర్చికి వచ్చేవాళ్ళందరికీ 'మైకు అత్తయ్య గారు'. మావయ్య బతికుండగా మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. ఆయన పోయాక సామానంతా అమ్మేస్తుందనుకున్నాం. ఆవిడ మాత్రం చర్చి సౌండు పని తన మీద వేసుకుంది. ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి చివరి బెంచీ పక్కన చిన్న బల్ల వేసుకుని, దాని మీద మిక్సరు పెట్టుకుని, తలకి పెద్ద నల్ల హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చునేది. పాస్టరు గారు మైకుకి మరీ దగ్గరగా వస్తే చూపుడు వేలు ఎత్తేది. ఎంత గొప్ప వాక్యం చెబుతున్నా ఆయన ఒక అడుగు వెనక్కి వేసేవారు. ఆయనకి దైవభయం ఎంతో నాకు తెలియదు గానీ ఆ వేలంటే మాత్రం భయమే.

అలాంటి చెవి ఆవిడది. క్వయిర్లో పన్నెండు మంది పాడుతుంటే వెనక వరసలో అమ్మాయికి జలుబు చేసిందని చెప్పేది. వీధిలో ఆటో వెళ్తే దాని బేరింగ్ పోయిందనేది. మా ఇళ్ళల్లో ఏదైనా వినపడిందా లేదా అని తగువొస్తే ఆవిడ మాటే ఆఖరు. ఈ ఒక్క సంగతీ మీరు గుర్తుపెట్టుకోండి. జరిగిందంతా దీని వల్లే జరిగింది.

నేను ల్యాబులో చేరిన కొత్తలో నలభై జతల హెడ్‌ఫోన్స్ అప్పగించారు. వాటిలో పదకొండు మూగవి. కొత్తవి ఇప్పట్లో రావని చెప్పేశారు. ఆ పదకొండూ బియ్యం సంచిలో వేసుకుని పాసింజరెక్కి గూడెం వెళ్ళాను. అత్తయ్య పెరటి వరండాలో మావయ్య బల్ల అలాగే ఉంది. సంచి కుమ్మరించాను. ఆవిడ స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. పాత టేప్‌రికార్డరులో పాట పెట్టి, ఒక జత తీసి నా చేతికిచ్చి, "ముందు పెట్టుకో" అంది.

పెట్టుకున్నాను.

"ఏ పక్క రావట్లేదు?"

"కుడి పక్కండి."

"తిప్పి పెట్టుకో. కుడిదాన్ని ఎడమ చెవికీ, ఎడమదాన్ని కుడి చెవికీ. ఇప్పుడో?"

"ఇప్పుడు ఎడమ పక్క రావట్లేదండి."

"అయితే లోపం దాంట్లో ఉంది, విప్పొచ్చు. తిప్పినా కూడా నీకు కుడి పక్కే వినపడలేదనుకో, లోపం నీలో ఉన్నట్టు. అప్పుడు నా దగ్గరికి రాకు, డాక్టరు దగ్గరికి వెళ్ళు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది.

ఆ రోజు నేర్పినవే ఈ రోజుకీ నా చేతిలో ఉన్న విద్య. వైరు ఎక్కువగా తెగేది పిన్ను దగ్గర, లేదా చెవి దొప్పలోకి దూరే చోట. లోపలి తీగలు వెంట్రుకంత సన్నం, పైన రంగు పూత ఉంటుంది, బ్లేడుతో మెల్లగా గీకితేగానీ సీసం అంటుకోదు. స్పీకరు బతికుందో లేదో తెలియాలంటే పెన్సిల్ బ్యాటరీ రెండు కొసలకీ తీగలు తాకించాలి. బతికుంటే టిక్కుమంటుంది. "నాడి చూడరా" అనేది దీన్ని. పదకొండింటిలో తొమ్మిది ఆ రోజే టిక్కుమన్నాయి.

బాగుచేశాక ఇంకో పని ఉండేది. చెవి దొప్ప మీది మెత్త ఊడదీసి, ఆస్పత్రిలో కట్లకి వాడే తెల్ల టేపు చిన్న ముక్క లోపలి ప్లాస్టిక్ మీద అంటించి, మార్కరుతో రాసేది. "ఎడమ - వైరు." "కుడి - స్పీకరు." ఏ పక్క, ఏం లోపం, అంతే. మళ్ళీ మెత్త వేసేసేది. ఎవరికీ కనపడదు కదా, ఎందుకండీ అని అడిగాను.

"రేపు విప్పేవాడికి కనపడుతుంది. వాడు మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలా? లోపం ఎక్కడుందో రాసి పెట్టేస్తే సగం పని అయిపోయినట్టేరా."

మా ల్యాబులో నలభై జతల్లో ముప్పై పైచిలుకు మెత్తల కింద ఆవిడ అక్షరాలున్నాయి. గుండ్రంగా, తలకట్టు మానకుండా రాసేది. కాలేజీలో ఇంకెవరికీ ఈ సంగతి తెలియదు.

నెలకి రెండు శనివారాలు వెళ్ళేవాణ్ణి. నేను వస్తున్నానంటే కొర్రమేను పులుసు పెట్టేది. కొల్లేటి గట్టున పుట్టిన మనిషి, చెరువు చేప మొహాన పెట్టినా తినేది కాదు. ఒక శనివారం తీగలు గీకుతూ వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, ఎలా పోయిందో చెప్పింది. కొల్లేటిలో ఇన్ని చేపల చెరువులు లేని రోజులు. నాయనమ్మ ఉన్నట్టుండి ఒకనాడు "చెవిలో కొల్లేరు కూస్తోందే" అందట. గాలి తిరిగినప్పుడు తుంగలోంచి వచ్చే హోరులా ఒకే చెవిలో. నీళ్ళు పోయాయేమో అని వెల్లుల్లి కాచిన నూనె వేశారు. హోరు తగ్గలేదు. కొన్నాళ్ళకి గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఒక పక్కకి ఒరిగేదట. ఒకరోజు గట్టు మీంచి నీళ్ళలోకి జారింది. పడవ మీద, తర్వాత ఎడ్లబండి మీద ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు.

"అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అమ్మని ఆస్పత్రికి పంపించి ఉండకపోతే ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుందిరా" అంది. నేను పులుసు కలుపుకుంటూ కథ విన్నట్టు విన్నాను.

ఇక పోయినేడు సంగతి.

వేసవిలో ఒక శనివారం నేను వరండాలో అడుగు పెట్టేసరికి తన నల్ల హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టి ఉంచింది. "కుడి పక్క పల్చగా వస్తోందిరా, చూడు" అంది. తన వస్తువు తను విప్పకుండా నాకివ్వడం అదే మొదటిసారి. కళ్ళు మసకేస్తున్నాయి, సన్న తీగలు కనపడటం లేదంది. నేను పొంగిపోయాను. గురువు తన వస్తువు శిష్యుడి చేతిలో పెడితే ఎవరికి గర్వం ఉండదు?

పెట్టుకుని చూశాను. రెండు పక్కలా సమానంగా వస్తోంది. బ్యాటరీ తాకించాను, రెండూ టిక్కుమన్నాయి. "బానే ఉందండి అత్తయ్యా" అన్నాను.

"నీకు బానే ఉంటుంది. వెంట్రుక వాసి తేడా ఉంది, నాకు తెలుస్తోంది" అంది.

నా చెవి మీద నాకు నమ్మకం లేదు. ఆవిడ చెవి మీద ఉంది. పిన్ను దగ్గర మూడంగుళాల వైరు కోసేసి, కొత్త పిన్ను వేశాను. పెట్టుకుని చూసి, "కొంచెం నయం" అంది. మెత్త కింద టేపు మీద "కుడి - పిన్ను" అని నేనే రాశాను. అబద్ధం రాశానని అప్పుడు తెలియదు.

తర్వాత చిన్న చిన్నవి కనపడుతూ వచ్చాయి. ఫోన్ ఎడమ చెవికి పెట్టుకోవడం మొదలుపెట్టింది. నన్ను బల్లకి ఎడమ వైపు కూర్చోమనేది. కుడి వైపునుంచి మా అక్క, అంటే బావ భార్య, "కాఫీ అండీ" అంటే పలికేది కాదు. పనిలో మునిగితే అంతే, అనుకున్నాం. టీ గ్లాసు బల్ల అంచు దాటించి పెట్టింది ఒకసారి. గుమ్మం కమ్మీకి కుడి భుజం కొట్టుకుని తిట్టుకునేది. "ఈ ఇల్లు కట్టినవాడికి కొలతలు రావు" అనేది. నలభై ఏళ్ళుగా ఆవిడ ఆ గుమ్మంలోంచే తిరుగుతోంది.

వర్షాకాలంలో రెండోసారి. ఈసారి హమ్ము వస్తోందంది. మైకు సెట్లతో పని చేసేవాళ్ళకి హమ్ము కొత్త కాదు, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే కరెంటు అలా మూలుగుతుంది. మిక్సరు వైర్లు చూశాను, ప్లగ్గులు మార్చాను. బయట కుండపోత. మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మిక్సరు లైట్లు ఆరిపోయాయి. నేను స్క్రూలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ తలకి హెడ్‌ఫోన్స్ తగిలించుకునే ఉంది.

"ఆ మిక్సరు కట్టెయ్యరా. హమ్ము భరించలేకపోతున్నా."

"కరెంటు లేదండి అత్తయ్యా."

ఆవిడ నా వంక చూసింది. తర్వాత ఫ్యాను వంక చూసింది. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుని, "వానగా ఉంది, అదే అయ్యుంటుంది" అంది. రేకుల మీద వాన హోరు నిజంగానే ఎక్కువగా ఉంది. నేను సరేనన్నాను. చూడండి, నాయనమ్మ కథ ఆ బల్ల దగ్గరే విన్నవాణ్ణి. అయినా నా బుర్రకి తట్టలేదు. చేతిలో స్క్రూడ్రైవరున్నవాడికి ప్రపంచంలో ప్రతి లోపమూ విప్పి బిగించేదే.

ఆ తర్వాతి నెలలో ఒక ఆదివారం నేనూ చర్చిలో ఉండగా కుడివైపు సౌండు బాక్సు కూత పెట్టింది. మైకు, బాక్సు ఎదురుబొదురైతే వచ్చే కూత. చెవులు చిల్లులు పడేంత. పిల్లలు చెవులు మూసుకున్నారు. పాస్టరు గారు అలవాటుగా వేలు కోసం చివరి బెంచీ వైపు చూశారు. వేలు లేవలేదు. ఆవిడ హెడ్‌ఫోన్స్ ఎడమ దొప్పని అరచేత్తో చెవికి నొక్కుకుని, పాటల పుస్తకంలోకి చూస్తోంది. జనమంతా వెనక్కి తిరిగి చూశాక తల ఎత్తింది. ఆ మొహం నేను చూశాను. తప్పు చేసినట్టు లేదు, భయపడినట్టు ఉంది. ఇంటికొచ్చాక అక్క అడిగితే, "ఆ హెడ్‌ఫోన్స్ పాడుగాను, కుడి పక్క చచ్చింది" అంది.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలవుతుందనగా మూడోసారి విప్పాను. ఇక ఏదో ఒకటి తేల్చెయ్యాలని ఏలూరు నుంచి కొత్త స్పీకర్లు రెండూ, కొత్త వైరూ తీసుకెళ్ళాను. పెరటి వరండాలో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఆ దొప్పల్లో పాతది ఏదీ మిగల్లేదు. నేను రాసిన పాత టేపు కూడా పీకేశాను. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తూ ఉంది, ఒక్క మాట సలహా చెప్పలేదు. పనయ్యాక ఆవిడకిచ్చి, చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి తలకి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. ఆ హెడ్‌ఫోన్స్‌కి వైరు ఎడమ దొప్పలోంచి వస్తుంది. ఎప్పుడు పెట్టుకున్నా ఎడమ భుజం మీంచి కిందికి దిగుతుంది. ఆ రోజు వైరు కుడి భుజం మీంచి వేలాడుతోంది.

నేను చూశాను. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం అదే. చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు. హడావిడిగా తిరగేసి పెట్టుకుందనుకున్నాను. ఇన్నేళ్ళుగా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషి తిరగేసి పెట్టుకుంటుందా?

కళ్ళు తెరిచింది. చాలాసేపు నన్నే చూసింది.

"ఎలా ఉందండి?"

"బాగుందిరా. ఇప్పుడు బాగా కుదిరింది. నీ చేతికి పని వచ్చేసింది" అంది.

ఆ రోజు రైల్లో భీమడోలు దాటేదాకా నా మొహం మీద నవ్వు పోలేదు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆవిడకి తెలుసు. ఆ తర్వాత కుడి పక్క గురించి ఎప్పుడూ ఎత్తలేదు. హమ్ము ఊసే లేదు. క్రిస్మస్‌కి మిక్సరు దగ్గర క్వయిర్ అమ్మాయిని ఒకర్తిని కూర్చోబెట్టి, "నేర్చుకోవే, నాకు ఓపిక తగ్గుతోంది" అంది. నేను ఫిర్యాదు ఆగింది కాబట్టి లోపం పోయిందనుకున్నాను. రిపేర్లు చేసేవాళ్ళం అందరం చేసే పొరపాటు అదే.

ఎండలు మొదలయ్యాక పెరట్లో పడిపోయింది. విజయవాడ తీసుకెళ్ళారు. స్కానింగు చూసి డాక్టరు గారు మమ్మల్ని లోపలికి పిలిచారు. చెవి నరం మీద గడ్డ, ఏళ్ళ తరబడి పెరిగి మెదడుని ఒత్తేస్తోందన్నారు. "కుడి చెవి వినపడటం ఎప్పటినుంచి తగ్గిందండీ ఈవిడకి?" అని అడిగారు.

బావ నా వంక చూశాడు.

"తగ్గలేదండి. అది హెడ్‌ఫోన్స్..." అని నేను మొదలుపెట్టాను.

అక్కడితో ఆగిపోయాను. వరండా, పంపు, కుడి భుజం మీంచి వేలాడే వైరు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. కాస్త ముందు తీసుకొచ్చి ఉంటే చెయ్యడానికి చాలా ఉండేదని డాక్టరు గారు మెల్లగా అన్నారు. ఆపరేషన్ చేశారు. ఆవిడ కళ్ళు తెరవలేదు. పన్నెండో రోజు బావ ఫోన్.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, భోజనాల దగ్గర సందడి తగ్గాక, అక్క నల్ల హెడ్‌ఫోన్స్ గుడ్డసంచిలో పెట్టి తెచ్చింది. "మీరే బాగుచేశారు కదండీ, మీ దగ్గరే ఉండనివ్వండి" అంది. నేను తీసుకున్నాను. ఏలూరు వచ్చాక నాలుగు రోజులు సంచి విప్పలేదు. నాకు కోపంగా ఉండేది. ఆవిడ మీద. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని. వాళ్ళమ్మలా తనూ ఆస్పత్రికెళ్ళి తిరిగి రాదేమో అని భయపడిందా? ఆ మూడు మధ్యాహ్నాలూ నేను పడ్డ పాటు చూసి, నీ పని వృథా అని చెప్పలేకపోయిందా? రెండూ అయ్యుంటాయి. "వైరు అబద్ధం చెప్పదురా, మనమే సరిగ్గా అడగం" అనేది. ఆవిడని సరిగ్గా అడగాల్సినవాణ్ణి నేను. మూడుసార్లు హెడ్‌ఫోన్స్‌ని అడిగాను, మనిషిని అడగలేదు.

చదువుతున్న మీతో ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరైనా ఒక పక్క రావట్లేదంటే విప్పకండి, తిప్పి పెట్టుకోమనండి. మా ల్యాబులో ఇప్పుడు ఏ పిల్లవాడొచ్చినా ముందు అదే చేయిస్తున్నాను. వాళ్ళు తిప్పి పెట్టుకుని జవాబు చెప్పేదాకా నాకు ఊపిరాడదు. "ఇప్పుడు ఎడమ పక్క రావట్లేదు సార్" అంటే హమ్మయ్య అనుకుని అప్పుడు సోల్డరింగ్ ఐరన్ స్విచ్ వేస్తాను. ఈ భయం కూడా ఆవిడ ఇచ్చిందే. ఉంచుకుంటాను.

అయిదో రోజు పొద్దున సంచి విప్పాను. పెట్టుకుని పాట పెడితే రెండు పక్కలా స్పష్టంగా వచ్చింది. తిప్పి పెట్టుకున్నాను. అప్పుడూ అంతే. లోపం లేదని తెలిసిన వస్తువుని విప్పే అలవాటు నాకు లేదు. అయినా కుడి మెత్త ఊడదీశాను.

లోపల తెల్ల టేపు ముక్క ఉంది. నేను అంటించింది కాదు. కొత్త స్పీకరు బిగించిన రోజు అక్కడ ఏమీ లేదు, నా చేతులతోనే శుభ్రం చేశాను. నేను వెళ్ళాక ఆవిడ అంటించుకుంది. గుండ్రటి అక్షరాలే, కాకపోతే వరస కుడివైపుకి ఒరిగిపోతూ ఉంది. ఏ పక్క, ఏం లోపం, ఎప్పుడూ రాసినట్టే రాసింది.

"కుడి - నేను."

చివరి అక్షరం టేపు అంచు దాటి నల్ల ప్లాస్టిక్ మీదికి జారిపోయింది. టేపు పీకి దాచుకుందామంటే ఆ అక్షరం రాదు. మెత్త మళ్ళీ వేసేసి, బల్ల పక్కన మేకుకి తగిలించాను. గాలికి వైరు మెల్లగా ఊగుతోంది.